గ్రామంలోని చెట్లకు చట్టరక్షణ

(రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విత్తనాన్ని గురించి, ఎరువును గురించి, పురుగుమందును గురించి మీరు ఇటువంటి సమావేశాలలో ఎన్నోసార్లు విని ఉన్నారు. ఈనాడు నేను మాట్లాడదలచినది మీ గట్టు మీద, మీ చెరువుకట్ట మీద, మీ ఊరి పుంతల వెంట నిలబడి ఉన్న చెట్లను గురించి. చెట్టును ఎట్లా పెంచవలెనో చెప్పుట నా ఉద్దేశం కాదు. ఆ పని మీకు తెలుసు. పెంచిన చెట్టును చట్టం ఎంతవరకు కాపాడుతుంది, ఆ కాపుదల మనకు అందవలెనంటే మనం ముందుగా ఏమి చేసుకోవలెను అన్నదే నేటి విషయం.

ఒక సంగతి ఊహించండి. ఊరి బయట బండ్ల బాట పక్కన ఒక చింతచెట్టు ఉన్నది. తాతల నాటిది. దాని కింద పశువులు నిలుస్తాయి, కూలీలు సద్ది తింటారు, ఏటేటా నాలుగిండ్లకు చింతపండు వస్తుంది. ఒక ఆదివారం తెల్లవారుజామున నలుగురు మనుషులు కోత మిషనుతో వస్తారు. పక్క పొలం రైతు, "ఇది నా గట్టు చెట్టు, బేరం అయిపోయింది, బయానా కూడా పుచ్చుకున్నాను" అంటాడు. ఒకరు పంచాయతీ చెట్టంటారు. మరొకరు సర్కారు చెట్టంటారు. ఆ మాటలు తెగేలోగా చెట్టు నేల కూలుతుంది. మధ్యాహ్నానికి దుంగలు అడితికి చేరతాయి. సోమవారం నాడు అర్జీ పెడితే అధికారి వచ్చి మోడును చూసి, పంచనామా రాసి, జరిమానా వేయవచ్చును. కాని చింతగింజ నాటితే కాపుకు వచ్చేటప్పటికి ఎనిమిది పదేండ్లు పడుతుంది. ఆ చెట్టంత చెట్టు కావలెనంటే ఇప్పటి పిల్లలు తాతలు కావలెను.

భూమి తగాదాలో తీర్పు ఆలస్యమైనా భూమి ఉన్నచోటనే ఉంటుంది. నరికిన చెట్టుకు మాత్రం అప్పీలు లేదు. కాబట్టి చెట్టు విషయంలో చట్టం గొడ్డలికంటె ముందు రావలెను. అట్లా ముందు రావటానికి రెండు విషయాలు స్పష్టంగా ఉండవలెను. చెట్టు ఎవరిదో తేలి ఉండవలెను. అది కాగితం మీద రాసి ఉండవలెను. నేను చెప్పబోయేదంతా ఈ రెండు మాటలకు వివరణయే.

చెట్టు ఎవరిది?

సాధారణంగా చెట్టు మొదలు ఎవరి నేలలో ఉన్నదో చెట్టు వారిది. కొమ్మ పొరుగు చేనిలోకి వాలినంత మాత్రాన చెట్టు పొరుగువానిది కాదు. అయితే నీడవల్ల తన పైరు దెబ్బతింటున్నదని పొరుగు రైతు చెప్పే మాటలోనూ న్యాయం లేకపోలేదు. అటువంటప్పుడు ఒకరినొకరు అడిగి, ఇద్దరూ కలిసి కొమ్మలు కుదించుకొనుట మంచిది. కొమ్మలు పెద్దవైతే అధికారిని కూడా అడిగి చేయండి. మొదలు సరిగా హద్దు గీత మీదనే ఉన్నదంటే సర్వేయరు చేత కొలిపించి, ఫలసాయం ఎవరికెంత అన్నది ఇద్దరూ రాసుకొని సంతకాలు చేయండి. గట్టు చెట్ల తగాదాలలో ఎక్కువ భాగం ఈ చిన్న కాగితం లేకపోవుట వల్ల పుట్టినవే.

భూమిని అమ్మినప్పుడు, దస్తావేజులో వేరే మాట రాయకపోతే, చెట్లు భూమితోపాటే కొన్నవానికి పోతాయి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 8వ సెక్షను చెప్పేది ఇదే. "పొలం అమ్మినాను గాని తాటిచెట్లు అమ్మలేదు" అని తరువాత చెప్పుకొన్న మాట నిలవదు. చెట్లు ఉంచుకోదలచిన వారు దస్తావేజులోనే లెక్కపెట్టి రాయించవలెను.

కౌలు రైతు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలలకు రాసుకొనే ఒప్పందం పంట మీద హక్కు ఇస్తుంది గాని భూమి మీద హక్కు ఇవ్వదు. కాబట్టి పొలంలోని చెట్లు యజమానివే. ఆ ఏటి కాయ ఎవరిది, ఎండుకొమ్మలు ఎవరివి అన్నది ఒప్పందంలో ఒక పంక్తి రాసుకుంటే ఇద్దరికీ మేలు.

ఇక ఉమ్మడి స్థలాలు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షను ప్రకారం, ప్రభుత్వానికి వేరే పనికి అవసరం లేని పోరంబోకులలో పశువుల మేత బీళ్ళు, కళ్ళాలు, శ్మశానాలు, పశువులు నిలిచే చోట్లు, బండ్ల బాటలు, తోపులు గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి. "తోపులు" అన్న మాట చట్టంలోనే ఉన్నదని గమనించండి. ఇందాక చెప్పిన చింతచెట్టు బండ్ల బాట హద్దులో ఉన్నదని తేలితే అది పక్క పొలం రైతుది కాదు, పంచాయతీది. సర్పంచికి కూడా సొంతం కాదు. ఊరి తరఫున ఆయన కాపలాదారు మాత్రమే. పెద్ద రోడ్ల పక్క చెట్లు ఆ రోడ్డును చూసే శాఖవి. దేవుని మాన్యంలోని చెట్లు దేవాలయానివి. అర్చకునివి కావు, ధర్మకర్తవీ కావు.

పూర్వపు మద్రాసు రాష్ట్రంలోని జిల్లాలలో మరొక ఏర్పాటు ఉండేది. సర్కారు పోరంబోకులో ఒక రైతు చెట్లు పెంచి అనుభవిస్తూ ఉంటే, నేల సర్కారుదిగానే ఉంచి, చెట్ల ఫలసాయానికి మాత్రం అతనికి పట్టా ఇచ్చేవారు. దానిని 2సి పట్టా అంటారు. మీ ఇండ్లలో పాతపెట్టెలలో అటువంటి కాగితం ఉంటే పారవేయకండి. అది ఫలం మీద హక్కును చూపుతుందే గాని నేల మీద హక్కును కాదు. చెట్టును ఇష్టం వచ్చినట్లు నరికే హక్కును అసలే కాదు.

మన చెట్టు మనం నరుకుటకు కూడా అనుమతి కావలెనా?

కావలెను. చాలామంది రైతులకు తెలియని విషయం ఇదే. 2002లో మన శాసనసభ నీరు, భూమి, చెట్ల చట్టాన్ని చేసినది. జనం నోట అది "వాల్టా" అని పిలువబడుతున్నది. బోరుబావి తవ్వటానికి ముందు అనుమతి అడుగుట ఈ చట్టం వల్లనే అని మీకు తెలుసు. అదే చట్టంలో చెట్లకు కూడా ఒక భాగం ఉన్నది. రాష్ట్రం 2014లో రెండైన తరువాత ఇటు ఆంధ్రప్రదేశ్‌లోను, అటు తెలంగాణలోను అది అమలులో ఉన్నది.

దాని సారాంశం ఇది. తన భూమిలోనిదైనా, ఇతరుల భూమిలోనిదైనా, నిర్దేశించిన అధికారి ముందస్తు అనుమతి లేకుండా చెట్టు నరకరాదు. అనుమతి కావలసినవారు రాతపూర్వకంగా దరఖాస్తు చేయవలెను. అధికారి వచ్చి చెట్టును చూసి, విచారించి, అనుమతి ఇవ్వవచ్చును లేదా కారణం రాసి నిరాకరించవచ్చును. ఎండిపోయిన చెట్టు, గాలికి పడిన చెట్టు, ఇంటి మీదికి ఒరిగి ప్రాణానికి అపాయంగా ఉన్న చెట్టు అయితే అనుమతి దొరుకుట కష్టం కాదు. అనుమతితోపాటు, కొట్టిన చెట్టుకు బదులు మొక్కలు నాటవలెనని షరతు పెడతారు. ఆ షరతు కాగితానికి పరిమితమైనది కాదు. మొక్క నాటి ఫొటో తీసి దరఖాస్తు నకలుతోపాటు దాచుకోండి.

మీ మండలంలో ఆ అధికారి ఎవరో తాసీల్దారు కచేరీలో గాని, అటవీ రేంజి ఆఫీసులో గాని ముందుగా కనుక్కోండి. దరఖాస్తులో మీ సర్వే నంబరు, చెట్టు రకం, చుట్టుకొలత, ఎన్ని చెట్లు, ఎందుకు నరకదలచినారో రాయండి. దరఖాస్తు ఇచ్చినట్లు రసీదు తీసుకొనండి. నోటిమాటగా "సరే కానివ్వు" అన్న అనుమతి రేపు మీకు అక్కరకు రాదు.

జామాయిలు, సరుగుడు, సుబాబులు వంటి తోటలను కోత కోసమే పెంచుతారు కాబట్టి వాటికి ప్రభుత్వం సడలింపులు ఇచ్చినది. ఆ జాబితా ప్రభుత్వ ఉత్తరువుల ద్వారా మారుతుంటుంది. కోతకు ముందు మీ రకం అందులో ఉన్నదో లేదో అడిగి తెలుసుకొనండి.

నరుకుటకు అనుమతి ఒకటి, కలపను తరలించుటకు అనుమతి మరొకటి. 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నియమాల కింద, మినహాయింపు లేని కలపను బండికెత్తే ముందు పర్మిటు పొందవలెను. ఎర్రచందనం, శ్రీగంధం సంగతి మరీ కఠినం. వాటికి 1969లోనే వేరుగా రవాణా నియమాలు చేసినారు. ఎర్రచందనం మీ పట్టా భూమిలో మీరు నాటి పెంచినదైనా సరే, అటవీశాఖ అనుమతి లేకుండా ఒక దుంగ కూడా కదలరాదు. ఈ రెండు రకాలు నాటే రైతులు నాటిన రోజునే ఎన్ని మొక్కలు, ఏ సర్వే నంబరులో అన్నది రాయించి ఉంచుకోవలెను. పాతికేండ్ల తరువాత కోతకు వచ్చినప్పుడు "ఇది అడవిలోనిది కాదు, నా చేనిలోనిదే" అని చూపుటకు మీకు ఆ కాగితమే సాక్షి.

తాటి, ఈత చెట్లలో గీత పనివారి జీవనం ఉన్నది. కల్లు గీసే చెట్ల లెక్క ఎక్సైజ్ శాఖ వద్ద ఉంటుంది. కాబట్టి ఆ చెట్ల మీద గొడ్డలి పెట్టే ముందు ఆ శాఖను, గీత సంఘాన్ని కూడా అడుగుట విధి. తాటిచెట్టు కల్లుకు వచ్చేసరికి పది పదిహేనేండ్లు పడుతుంది. కొట్టటానికి పావుగంట చాలును.

చెట్టును అమ్మినప్పుడు

చెట్టును అమ్ముటలో రెండు రకాలు ఉన్నవి. ఈ తేడా తెలియక రైతులు మోసపోతున్నారు. కొట్టుకొని పోవటానికి అమ్మిన చెట్టు చట్టం దృష్టిలో కలప, అది చరాస్తి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో చరాస్తికి ఇచ్చిన నిర్వచనంలో నిలిచి ఉన్న కలప, పెరిగే పైరు, చెట్టు మీది కాయ, చెట్టులోని రసం అన్నీ చేరి ఉన్నవి. కాబట్టి ఈ ఏటి మామిడి కాపును చెట్టు మీదనే అమ్మితే అది సరుకు అమ్మినట్లే. అదే చెట్టును నేలలో ఉంచి ఏండ్ల తరబడి ఫలసాయం తీసుకొనే హక్కు రాసి ఇస్తే, అది భూమి మీద హక్కు ఇచ్చినట్లు అవుతుంది. దానికి రిజిస్ట్రేషను కావలెను. కొట్టుకొనిపోయే కలపకు, నేల నుంచి బలం తీసుకొంటూ నిలిచి ఉండే చెట్టుకు గల ఈ తేడాను సుప్రీంకోర్టు 1958లో శాంతాబాయి కేసులో చర్చించినది.

కాబట్టి వ్యాపారి తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టే ముందు మూడు మాటలు చూడండి: ఏయే చెట్లు, ఎన్నాళ్ళలోగా తీసుకొనిపోవలెను, అనుమతి ఎవరు తీసుకురావలెను. "అనుమతులు మేము చూసుకుంటాము" అని వ్యాపారి అంటే, ఆ అనుమతి కాగితం కళ్ళతో చూసే దాకా కోతకు ఒప్పుకోకండి. కేసు వచ్చిన నాడు వ్యాపారి కనపడడు. సర్వే నంబరు మాత్రం మీ పేరనే ఉంటుంది.

ఇతరులు మన చెట్టు నరికితే

ఇతరుల నేలలోని చెట్టును వారి సమ్మతి లేకుండా, తీసుకుపోవలెనన్న దురుద్దేశంతో నరికితే అది దొంగతనం. ఇది కొత్త మాట కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలో దొంగతనానికి ఇచ్చిన మొదటి ఉదాహరణమే చెట్టు నరుకుట. నేలలో పాతుకొని ఉన్నంతవరకు చెట్టు దొంగిలించదగిన వస్తువు కాదు. నేల నుంచి వేరుచేసిన క్షణాన అవుతుంది. ఆ వేరుచేయుటతోనే దొంగతనం పూర్తి అవుతుంది. దుంగ ఊరు దాటవలెనని కూడా లేదు. 2024 జులై 1 నుంచి ఆ శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షను కింద ఇదే నియమం కొనసాగుతున్నది. కాబట్టి "చెట్టే గదా, సివిలు తగాదా" అని ఎవరైనా మిమ్మల్ని వెనుకకు పంపితే, ఈ సంగతి మర్యాదగా గుర్తుచేయండి.

చెట్టును తీసుకుపోకుండా చంపేవారు కూడా ఉన్నారు. కొందరు మొదలు చుట్టూ బెరడు ఒలుస్తారు. ఆకులలో తయారైన ఆహారం వేరుకు దిగేది బెరడులో నుంచే. చుట్టూ బెరడు తీసివేస్తే వేరు ఆకలికి చస్తుంది, కొన్నాళ్ళకు చెట్టు నిలువునా ఎండుతుంది. కొందరు మొదట్లో చెత్త వేసి తగలబెడతారు. కొందరు యాసిడ్ పోస్తారు. తరువాత "ఎండిపోయిన చెట్టు" అని అనుమతి అడుగుతారు. ఇతరుల ఆస్తికి కావలెనని నష్టం చేయుట కూడా నేరమే. న్యాయ సంహిత 324వ సెక్షను దానికి వర్తిస్తుంది. చేలలో కొయ్యకాళ్ళు తగలబెట్టేటప్పుడు మంట పాకి బాట చెట్ల మొదళ్ళు కాలిపోవుట ప్రతి వేసవిలో చూస్తున్నాము. అది కావలెనని చేసింది కాకపోవచ్చును. చెట్టుకు ఆ భేదం తెలియదు.

లైనుకో, రోడ్డుకో చెట్టు పోతుంటే

మీ పొలం మీదుగా కరెంటు లైను వేసి, ఆ లైనుకు అడ్డమని చెట్లను తొలగించవలసి వస్తే, 2003 నాటి విద్యుత్ చట్టం 68వ సెక్షనును గుర్తుంచుకోండి. లైను వేయకముందు నుంచి ఉన్న చెట్టును తొలగింపజేసేటప్పుడు, ఆ చెట్టు మీద హక్కున్న వానికి మెజిస్ట్రేటు తగిన నష్టపరిహారం ఇప్పించవలెను. లైను వేసిన తరువాత దాని కింద నాటిన చెట్టుకు ఈ హక్కు లేదు. కాబట్టి చెట్టు ముందా, లైను ముందా అన్నదే అసలు ప్రశ్న.

రోడ్డుకో, కాలువకో భూమి సేకరించేటప్పుడు 2013 నాటి భూసేకరణ చట్టం 29వ సెక్షను ప్రకారం భూమి మీది చెట్ల విలువను కూడా కలెక్టరు లెక్కకట్టించవలెను. అందుకు వ్యవసాయం, అటవీ, ఉద్యానం, పట్టు పరిశ్రమలలో అనుభవం గలవారి సహాయం తీసుకోవచ్చునని చట్టంలోనే ఉన్నది. ఆ పైన నూటికి నూరు వంతు అదనపు పరిహారం కూడా ఉన్నది. కాని సర్వేకు వచ్చినవారు చూసిన చెట్లనే లెక్కిస్తారు. ఆ రోజు మీరు పొలం వద్ద ఉండి, మామిడి ఎన్ని, కొబ్బరి ఎన్ని, కాపు మీద ఉన్నవి ఎన్ని అన్నది మీ ఎదుట రాయించుకోవలెను. ఇంటికి వచ్చిన నోటీసులో చెట్ల సంఖ్య తప్పుగా ఉంటే గడువులోపల ఆక్షేపణ రాసి ఇవ్వండి.

చెట్ల లెక్క

ఇప్పటిదాకా చెప్పిన ప్రతి సందర్భంలోను ఒకటే ప్రశ్న వచ్చినది: రుజువు ఏది? కాబట్టి ఈ నెలలోనే రెండు పనులు చేయవలెనని కోరుతున్నాను.

మొదటిది మీ ఇంటి పని. ఒక నోటుపుస్తకం తీసుకొని మీ పొలంలోని పెద్ద చెట్లన్నింటినీ రాయండి. సర్వే నంబరు, చెట్టు రకం, ఏ గట్టు మీద ఏ దిక్కున ఉన్నది, సుమారు వయస్సు, చుట్టుకొలత వేసుకోండి. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున టేపు చుట్టి కొలవండి. అటవీశాఖ వారు కొలిచేది కూడా ఆ ఎత్తునే. చెట్టు పక్కన ఇంటి మనిషిని నిలబెట్టి సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీయండి. తేదీ అందులో నిలిచి ఉంటుంది. అడంగలులో గాని, పహాణీలో గాని పైరు రాయించేటప్పుడు తోట, చెట్ల వివరం కూడా రాయించమని అడగండి. రెండు మూడేండ్లకొకసారి ఈ పుస్తకాన్ని సరిచూసుకొనండి.

రెండవది ఊరి పని. బాటల వెంట, చెరువుకట్ట మీద, బడి ఆవరణలో, శ్మశానంలో ఉన్న చెట్లకు నంబర్లు వేసి గ్రామ పంచాయతీలో ఒక రిజిస్టరు తెరవమని గ్రామసభలో అడగండి. బడిపిల్లలు రెండు సెలవు రోజులలో ఈ పని చేయగలరు. ఫలసాయం వేలం వేసే చెట్లు ఏవి, ఎవరికీ ఇవ్వకుండా నీడకు వదిలినవి ఏవి అన్నది అందులో రాసి, గ్రామసభ తీర్మానంగా ఆమోదించండి. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం, నాటిన మొక్కలలో నూటికి 85 బతికించే బాధ్యతను పంచాయతీల మీద పెట్టినది. కొత్త మొక్కకు లెక్క ఉన్నప్పుడు పాత మానుకు లెక్క లేకపోవుట న్యాయం కాదు గదా!

ఊరు పట్టుదలగా ఉంటే చట్టం ఇంకా ముందుకు కూడా రాగలదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోను జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండవలెను. అదే చట్టం 37వ సెక్షను కింద, స్థానిక సంస్థలతో సంప్రదించి, విలువైన స్థలాలను జీవవైవిధ్య వారసత్వ స్థలాలుగా రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించవచ్చును. దేశంలో మొట్టమొదట ఆ గౌరవం దక్కినది అడవికి కాదు, ఒక చింతతోపుకు. కర్ణాటకలో దేవనహళ్ళి దగ్గర నల్లూరులో 54 ఎకరాలలో సుమారు 300 చింతచెట్లు ఉన్నవి. 2007లో వాటికి ఈ రక్షణ దొరికినది. మన ఊళ్ళలో అంత తోపు లేకపోవచ్చును. కాని చింతచెట్టు అంటే ఇంధనానికి తప్ప పనికిరాదనుకొనే వారికి ఈ ఉదాహరణం చూపవలెను.

కోత మిషను వచ్చిన నాడు

ఊరి చెట్టు దగ్గరకు గొడ్డలి వచ్చినదని తెలిస్తే కొట్లాటకు పోకండి. ముందు అనుమతి కాగితం చూపమనండి. కాగితం ఉంటే అందులో ఉన్న చెట్టు, నరకబోయే చెట్టు ఒకటేనా అని నంబరు, రకం పోల్చండి. కాగితం లేకపోతే పనివారిని ఆగమని చెప్పి, పంచాయతీ కార్యదర్శికి, తాసీల్దారు కచేరీకి, అటవీ రేంజి ఆఫీసుకు వెంటనే ఫోను చేయండి. చెట్టునూ బండినీ ఫొటో తీయండి. ఫోనులో చెప్పినదానినే అదేరోజు కాగితం మీద రాసి, నలుగురి సంతకాలతో ఇచ్చి రసీదు పుచ్చుకొనండి. కూలికి వచ్చిన మనుషుల మీద కోపం వద్దు; వారిని పంపినవాని పేరు కావలెను. చెట్టు అప్పటికే పడిపోయి ఉంటే, దుంగలు కదలక ముందే పంచనామా జరగవలెను. మోడును పెకలించనీయకండి. చెట్టు ఎంత లావుదో చెప్పగల సాక్షి చివరికి మిగిలేది ఆ మోడే.

ఒక రైతు ప్రశ్న

ఇటువంటి మాటలు చెప్పినప్పుడు రైతుల నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "నా నేల, నా నీరు, నా కష్టం. నా చెట్టు కొట్టుకొనుటకు ఆఫీసుల చుట్టూ తిరగవలెనంటే అసలు చెట్టు ఎందుకు నాటవలెను?" అని. ఇది కొట్టిపారవేయదగిన మాట కాదు. కూతురి పెండ్లి కోసమో, ఆసుపత్రి ఖర్చు కోసమో రైతు అమ్ముకొనేది గట్టు మీది వేపనో, తుమ్మనో. ఆ సమయంలో అనుమతికి నెల పడితే వ్యాపారి ధర తగ్గిస్తాడు. చెట్టు మీద ఆంక్ష ఎక్కువైతే రైతు మొక్కగా ఉన్నప్పుడే పీకివేస్తాడు. ఈ చిక్కును ప్రభుత్వం కూడా గుర్తించినది. 2014 నాటి జాతీయ వ్యవసాయ అటవీ విధానంలో, పొలంలో పెంచిన చెట్ల నరికివేత, రవాణా నియమాలను సులభం చేయవలెనని ఉన్నది. 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ వ్యవసాయ భూములలోని చెట్ల కోసం నమూనా నియమాలు చేసి రాష్ట్రాలకు పంపినది. అందులోని మూలసూత్రం ఏమంటే, తోటను ముందుగా నమోదు చేయించుకొన్న రైతుకు కోతనాడు దారి సులభం కావలెనని.

మరొక వైపు కూడా చూడండి. ఉత్తరప్రదేశ్‌లో తాజ్‌మహల్ రక్షణ మండలంలో, బృందావనం దగ్గర అనుమతి లేకుండా 454 చెట్లు నరికినారు. వాటిలో అధిక భాగం ప్రైవేటు స్థలంలోనివే. 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా ఖాయం చేసినది. అది ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతమే. మన ఊళ్ళ పరిస్థితి వేరే. అయినా "నా స్థలం, నా ఇష్టం" అన్న మాట చెట్ల విషయంలో ఇకమీదట అంత తేలికగా చెల్లదని దీనివల్ల తెలుస్తున్నది.

కాబట్టి ఆ రైతుకు నా జవాబు ఇది. అనుమతులు త్వరగా ఇవ్వవలెనని మీరు అడగండి. అడుగుట మీ హక్కు. గ్రామసభలో అడగండి, రైతు సంఘాల ద్వారా అడగండి. కాని ఆ సంస్కరణ వచ్చేలోగా మీ చేతిలో ఉన్న పనిని వదలకండి. అవసరం వచ్చిన తరువాత కాక, చెట్టు నిలబడి ఉండగానే దాని లెక్క రాసి ఉంచండి. లెక్క ఉన్న చెట్టును అమ్ముకొనుట కూడా సులభమే, కాపాడుకొనుట కూడా సులభమే. లెక్క లేని చెట్టు విషయంలో రెండూ కష్టమే.

1950లో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ గారు వనమహోత్సవాన్ని ప్రారంభించినారు. నాటి నుంచి ప్రతి వానకాలంలో మొక్కలు నాటుతూనే ఉన్నాము. మంచిదే. ఈసారి మొక్క నాటి వచ్చే దారిలో, మీకంటె ముందు పుట్టిన ఆ చింతచెట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అది ఎవరిదో, ఏ పుస్తకంలో రాసి ఉన్నదో మీకు మీరే ప్రశ్న వేసుకోండి. జవాబు తెలియకపోతే ఆ సాయంత్రమే టేపు, నోటుపుస్తకం చేతపట్టండి.